సున్నం వదిలిన ఇటుకలు

మొన్న చిన్నాన్న పెద్దకర్మకి కావలి వెళ్ళాను. భోజనాలయ్యాక ట్రంకు రోడ్డు వెనక సందులో నడుస్తుంటే ఒక పాత మిద్దె పడగొడుతున్నారు. జేసీబీ ఒక్కో దెబ్బకి ఒక్కో గది నేలమట్టం అవుతోంది. దుమ్ము లేవకుండా ఒక అబ్బాయి పైపుతో నీళ్ళు కొడుతున్నాడు. ఆ తడికి లేచిన వాసనకి కాళ్ళు ఆగిపోయాయి. పాత సున్నం తడిసిన వాసన అది. కొత్త సున్నం ఘాటుగా ముక్కుకి కొడుతుంది. పాతది చల్లగా, కొంచెం మట్టిగా, కొంచెం ఉప్పగా ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చే మా నాయన చొక్కా నిండా అదే వాసన ఉండేది.

కాళ్ళ దగ్గర పడిన ఒక రాయి తీసుకున్నాను. మావైపు ఇటుకని రాయి అనే అంటారు. బొటనవేలితో నొక్కితే దాని మీది సున్నం పెళ్ళ ఊడి చేతిలోకొచ్చింది. ఇటుకకి గీత కూడా పడలేదు. ఇదంతా ఎక్కడికి పోతుందని ట్రాక్టరు అబ్బాయిని అడిగితే, "బైపాసు అవతల పల్లం ప్లాటుకి మెరక తోలతుండారు మేడం, ఆడ పోస్తాం" అన్నాడు. మళ్ళీ ఒక ఇల్లు లేచేన్ని ఇటుకలు ఉన్నాయి అక్కడ. నాయన ఉంటే ఆ ట్రాక్టరుకి అడ్డం నిలబడేవాడు.

*

మా నాయన పాత ఇళ్ళు కొని విప్పించేవాడు. స్థలం జోలికి పోడు, ఇల్లు మాత్రమే. కొత్తిల్లు కట్టుకోవాలనుకునేవాళ్ళు పాతదాన్ని ఆయనకి ఒక మొత్తానికి మాట్లాడుకునేవాళ్ళు. నేల చదును చేసి అప్పగించే పూచీ ఆయనది. అందులోంచి వచ్చే దూలాలు, తలుపులు, కిటికీ ఊచలు, కడప బండలు, ఇటుక అన్నీ ఆయనవే. అల్లూరు, బిట్రగుంట, అటు కందుకూరు, సింగరాయకొండ దాకా తిరిగేవాడు. ఊరి చివర మా దొడ్డిని జనం పాత ఇటుకల దొడ్డి అనేవాళ్ళు. బడిలో నన్ను కూడా పాతిటుకలోళ్ళ పాప అనే పిలిచేవాళ్ళు.

సెలవు రోజైతే బేరానికి నన్ను సైకిల్ ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. ఇంటివాళ్ళు లోపలికి రమ్మని కుర్చీ వేస్తుంటే ఆయన నేరుగా పెరట్లోకి, వంటింటి వెనక నీళ్ళతొట్టి పక్కకి పోయేవాడు. అక్కడ గొంతుక్కూర్చుని గోడ అడుగు రెండు మూడడుగుల మేర చూసేవాడు. మాది సముద్రపు గాలి తగిలే ఊరు, చౌడు గోడలోకి పాకుతుంది. గోకితే ముందు తెల్లగా ఉప్పు, దాని వెనకే ఎర్రగా పొడి రాలుతుంది. ఆ వరసలు లెక్కలోంచి తీసేసేవాడు. ఉప్పు తాగిన రాయిని ఎంత కడిగి కట్టినా కొత్త గోడలో మళ్ళీ పూస్తుంది, పైన పూసిన పూతని నెట్టేస్తుంది. ఆ పైన ఒకచోట సున్నం గోకి ఇటుకని బయటపెట్టి, గోటితో గట్టిగా గీసేవాడు. గీత పడితే సరిగా కాలని రాయి.

"పైన రంగు చూసి ఇల్లు కొనేవోడు మునుగుతాడు పాపా. అడుగు చూడాల."

తర్వాత లెక్క. గోడల పొడవు ఆయన అడుగులేస్తూ కొలుస్తుంటే నేను నోటుబుక్కులో వేసేదాన్ని. తొమ్మిదంగుళాల గోడా, పదమూడున్నరా, పద్దెనిమిదా అని ముందే చెప్పేవాడు. ఘనపుటడుగుకి పది రాళ్ళు, పదింటికి రెండు పగులుతాయి, తలుపులూ కిటికీలూ తీసెయ్. అంతే ఆయన గణితం. తొమ్మిదంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, మూడు మందం ఉండే నాటు ఇటుకకి ఆ లెక్క ఎంత సరిగ్గా సరిపోతుందో అన్నయ్య పాలిటెక్నిక్ పుస్తకాలు ముందేసుకుని చూసినప్పుడు తెలిసింది. అదే పుస్తకంలో ఇటుక పరీక్షలు కూడా ఉండేవి. రెండు రాళ్ళు తాటిస్తే ఖంగుమనాలి, గోటికి లొంగకూడదు, మూడు నాలుగడుగుల ఎత్తు నుంచి పడేస్తే పగలకూడదు. ఒక రోజంతా నీళ్ళలో నానబెడితే బరువులో ఐదో వంతుకి మించి నీళ్ళు తాగకూడదు. నాయన చదివింది ఐదో తరగతి. ఇవన్నీ ఆయన రోజూ చేసేవే.

*

ఇల్లు కట్టిన వరస తిరగేసి విప్పాలి. ముందు కప్పు. మద్రాసు మిద్దెలంటే నాయనకి ప్రాణం. కప్పుని మోసే టేకు దంతెల మీద, వేలెడు మందం కూడా లేని చిన్న చిన్న ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి, దంతెలకి ఏటవాలుగా, సున్నంతో ఒకదానికొకటి అతికించుకుంటూ పోయేవాళ్ళట. కింద సెంట్రింగు లేదు, బల్ల లేదు. ఆ పైన ఇటుకజల్లి కలిపిన సున్నాన్ని దిమ్మిస చేసి, దాని మీద పలచటి పెంకులు పరిచేవాళ్ళు. అలాంటి కప్పు విప్పుతున్న రోజు ఆయన ఎవరినీ తొందరపెట్టేవాడు కాదు. గదిలో నిలబడి పైకి చూస్తూ, "చూడు, ఎంత మనసు పెట్టి చేసుండారో" అనేవాడు. కట్టినవాళ్ళ పేరు ఎవరికీ తెలియదు. ఆ చిన్న ఇటుకలు అడిగేవాళ్ళు తక్కువైనా వాటిని దొడ్డిలో విడిగా పేర్పించేవాడు.

గోడల దగ్గర ఒకటే మాట: గునపం సందులో పెట్టు, రాయి మీద పెట్టొద్దు. పై వరస నుంచి ఒక్కొక్క వరసే విప్పుకుంటూ రావాలి. గోడని తోసేస్తే పని ఒక పూటలో అయిపోతుంది, కానీ సగం ఇటుక ముక్కలవుతుంది. గోడ మీద కూర్చున్న మనిషి రెండేసి రాళ్ళు కలిపి విసిరితే కిందివాడు పట్టుకునేవాడు. పట్టుకోవడంలో ఒక ఒడుపు ఉంది. చేతులు ఎదురు పెడితే వేళ్ళు పోతాయి. రాళ్ళతో పాటే చేతులు కిందికి జారాలి, జారుతూ జారుతూ పక్కకి అందించేయాలి. రాయి మూడు కిలోల పైనే ఉంటుంది, జతంటే ఆరేడు కిలోలు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అలా పట్టిన చేతులు అన్నం కలుపుకునేటప్పుడు వణకడం నేను చూశాను.

*

దొడ్డిలో వేపచెట్టు కింద ఆడవాళ్ళు కూర్చునేవాళ్ళు. ఇటుక గీకేది వాళ్ళే. అరిగిపోయిన పార రేకుని కమ్మరి దగ్గర ముక్కలు చేయించి, పిడి వేయించి ఇచ్చేవాడు నాయన. ఎడమచేత్తో రాయిని నిలబెట్టి, కుడిచేత్తో టక్కున ఒక దెబ్బ వేస్తే పెద్ద పెళ్ళ ఊడిపోయేది. తర్వాత గరగరమని గీకుడు. రాయి తిప్పడం, మళ్ళీ టక్, మళ్ళీ గరగర. వెడల్పు ముఖాలు రెండు, పొడుగు పక్కలు రెండు, కొసలు రెండు. ఇటుక ముఖాన బట్టీవాళ్ళ అక్షరం అచ్చేసిన గుంటలో కాస్త సున్నం మిగిలినా ఫర్వాలేదు, అంచులు మాత్రం శుభ్రంగా రావాలి. అంచు మీద పెళ్ళ ఉంటే వరస మట్టానికి రాదని మేస్త్రీలు తిట్టుకుంటారు. పదిమంది ఒకేసారి గీకుతుంటే ఆ చప్పుడు మా ఇంటి వసారాలోకి వినపడేది. మధ్యాహ్నం భోజనాల వేళ అది ఆగిపోతే నిద్రపోతున్న మా జేజి లేచి కూర్చునేది.

వాళ్ళలో ఒక అవ్వ ఉండేది. మిగతావాళ్ళు గీకిన రాళ్ళు పేర్పుకి వెళ్ళే ముందు ఆమె ముందుకి రావాలి. చేతిలో ఎప్పుడూ ఒక నల్లటి గట్టిరాయి. దాంతో ఒక్కో ఇటుకనీ ఒకసారి తాటించేది. పైకి నున్నగా నిండుగా కనపడే రాయిని కూడా, "దీనికి లోపల దెబ్బ ఉండాది, అటెయ్ మే" అని పక్కకి పెట్టించేది. నేను పోట్లాడి ఆ రాయిని గునపం మీద కొట్టి చూసేదాన్ని. ఆమె చెప్పినచోటే పగిలేది.

సున్నానికి వాళ్ళ వేళ్ళ కణుపులు పగిలిపోయేవి. పనికి కూర్చునే ముందు ఆముదం రాసుకుని, వేళ్ళకి పాతగుడ్డ పేలికలు చుట్టుకునేవాళ్ళు. ముక్కుకి పైట చెంగే అడ్డం. చలికాలం తెల్లవారుజామున వాళ్ళ వీధిలో దగ్గులు వినపడేవి. పాతిటుక చవక అని జనం కొనుక్కుపోయేవాళ్ళు, ఆ చవకలో ఈ దగ్గులు కూడా కలిసి ఉన్నాయి. పాత వస్తువుల వాడకం గురించి ఇప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ పని మళ్ళీ మొదలైతే మూతికి మంచి మాస్కు, చేతికి గ్లౌజులు, తగిన కూలి ఇచ్చి మొదలుపెట్టాలని నా కోరిక.

*

దొడ్డిలో పారబోసేదంటూ ఉండేది కాదు. నిండు రాళ్ళు ఒక పేర్పు, ముప్పాతిక ఒకటి, సగం ముక్కలు ఒకటి. ఇంకా చిన్నవి సుత్తులతో కొట్టి జల్లి చేస్తే పునాది అడుక్కీ, గచ్చు కిందికీ పోయేది. బట్టీలో ఎక్కువ కాలి నల్లబడి వంకర తిరిగిన రాళ్ళు తడి తగిలే చోట్లకి, కాలవ గట్లకి. అన్నీ పోగా అడుగున మిగిలిన ఎర్రటి పొడి ఉంటుంది కదా, జల్లెడ పడితే అది సుర్కీ. సున్నంలో సుర్కీ కలిస్తే తడిలో కూడా గట్టిపడుతుంది, ఉత్త సున్నం ఇసుకకి ఆ గుణం లేదు. బావి గోడలకి, నీళ్ళతొట్లకి సుర్కీ అడిగి మరీ తీసుకెళ్ళేవాళ్ళు.

సున్నం గానుగ మా దొడ్డికి ఆనుకునే ఉండేది. గుండ్రటి కాలవ, అందులో తిరిగే పెద్ద రాతి చక్రం, దాన్ని లాగే ఎద్దు. పులికాటు వైపు నుంచి వచ్చిన గుల్ల సున్నం, ఇసుక, సుర్కీ కాలవలో పోసి నీళ్ళు చల్లుతూ తిప్పేవాళ్ళు. మిద్దె కప్పుకైతే కరక్కాయలు, బెల్లం నానబెట్టిన నీళ్ళు కలిపేవాళ్ళు. ఆ రోజు గానుగ చుట్టూ ఈగలు, మేమూ. రాతిచక్రం కీచుమంటూ తిరిగి తిరిగి సున్నం వెన్నలా అయ్యేదాకా ఎద్దుని ఆపేవాళ్ళు కాదు.

ఏ రాయి ఎక్కడ వాడాలో నాయనకి పట్టింపులు చాలా. వంటింటి గోడ రాళ్ళు పొగ తాగి ఉంటాయి, వాటి మీద పూత పూస్తే మరకలు బయటికొస్తాయి కాబట్టి అవి మెట్లకీ, ప్రహరీలకీ. సున్నాలు కొట్టీ కొట్టీ నున్నబడిన ముఖం బయటికి పెడితే పూత పట్టదు, దాన్ని లోపలికి తిప్పి కట్టాలి. రెండు ఇళ్ళ రాళ్ళు ఒకే వరసలో కలపకూడదు, మందంలో తేడా వస్తుంది. కట్టే ముందు తొట్టిలో ముంచి బుడగలు ఆగేదాకా ఉంచాలి, లేకపోతే ఎండిన రాయి సున్నంలో నీళ్ళన్నీ తాగేస్తుంది. కొనేవాళ్ళ పట్టింపులు వేరే ఉండేవి. పాత ఇంటి సామాను కొత్తింట్లో వాడకూడదని వాస్తు అడ్డం పెట్టేవాళ్ళు పశువుల కొట్టానికో ప్రహరీకో తీసుకునేవాళ్ళు. వాళ్ళతో నాయన వాదించేవాడు కాదు. ఆయనకీ ఒక కట్టుబాటు ఉంది. గుడి ఇటుక ముట్టడు. ఎంత శిథిలమైనా, ఎంత తక్కువకి వచ్చినా సరే. పొలాల్లో పాత దిబ్బలు తవ్వితే బయటపడే పెద్ద పెద్ద ఇటుకలు కూడా ముట్టేవాడు కాదు. అమరావతిలో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి మనుషులు ఊరు కట్టడానికి దీపాలదిన్నెని, అంటే పాత బౌద్ధ స్తూపం ఉన్న దిబ్బని తవ్వి ఇటుకలూ చలవరాళ్ళూ పట్టుకుపోయారనీ, 1798లో సర్వేయరు మెకంజీ దొర వచ్చి చూసేసరికి స్తూపం దెబ్బతినిపోయి ఉందనీ తర్వాత చదువుకున్నప్పుడు, నాయన పట్టింపు ఎంత సరైనదో అర్థమైంది.

*

1989 నవంబరులో, థాయిలాండు వైపు పుట్టి బంగాళాఖాతం అంతా దాటొచ్చిన గే తుఫాను మా కావలి దగ్గరే తీరం దాటింది. ఆ రాత్రి గురించి మా ఊళ్ళో ఎవరిని అడిగినా గాలి రొద గురించే చెప్తారు. తెల్లారాక నాకు గుర్తున్నది వీధులన్నీ ఎర్రగా ఉండడం. ఇటుకల మధ్య సున్నం బదులు మట్టి పెట్టి కట్టిన గోడలు నానిపోయి కూలాయి. మట్టి కరిగిపోయింది, రాళ్ళు శుభ్రంగా కడుక్కుని వీధి నిండా పడి ఉన్నాయి. ఎవరివి ఎవరివో తెలియదు. అప్పుడు బట్టీ అక్షరాలు పనికొచ్చాయి. మా గోడవి ఫలానా అక్షరం రాళ్ళు, మీవి గుంట లేని రాళ్ళు అని పెద్దవాళ్ళు వీధిలో కూర్చుని ఏరి పంచుకున్నారు. తగువులు పడతారనుకున్నవాళ్ళు కూడా పడలేదు.

ఆ కొన్ని నెలలు నాయన ఒక్క ఇటుకా కొనలేదు. డబ్బు అవసరమై అమ్ముతామని వచ్చినవాళ్ళకి, "ఏరి పెట్టుకోండయ్యా, రేపు మీరే కొనలేరు" అని చెప్పి పంపేవాడు. దొడ్డిలో ఆడవాళ్ళు ఆ నెలల్లో ఎవరి వీధుల్లో వాళ్ళు గీక్కున్నారు.

ఊరు మళ్ళీ లేచింది. ఈసారి సిమెంటుతో. అంతకు ముందు చాలాకాలం సిమెంటు కావాలంటే పర్మిట్ కోసం తిరగాల్సొచ్చేది. 1982లో కొంత సడలించారు, 1989 మార్చిలో కంట్రోలు పూర్తిగా ఎత్తేశారు. తుఫాను వచ్చేనాటికి అంగట్లో బస్తాలు దొరుకుతున్నాయి. భయపడిన జనం గట్టి ఇల్లు కోరుకోవడంలో తప్పేముంది? ఏరుకున్న పాత రాళ్ళనే సిమెంటు వంతు ఎక్కువేసి కట్టించుకున్నారు. నాయన ఒక గోడ దగ్గర నిలబడి, "ఇంక ఈ రాయి మళ్ళా రాదు" అన్నాడు మేస్త్రీతో.

సున్నం గాలిని కొంచెం కొంచెంగా పీల్చుకుంటూ ఏళ్ళ తరబడి గట్టిపడుతుంది. ఎంత గట్టిపడినా మంచి ఇటుకని మించదు. గోడ కదిలితే సందు చీలుతుంది, రాయి మిగులుతుంది. సిమెంటు దండిగా వేసిన గోడలో నాటు ఇటుక కన్నా సందే గట్టిది. గునపం వేస్తే పగిలేది రాయే, సిమెంటు దాన్ని వదిలిపెట్టదు. తర్వాతి ఏళ్ళలో అలాంటి ఇళ్ళు విప్పడానికి వచ్చినప్పుడు పదింటికి రెండు నిలవడం కూడా కష్టమైంది. గానుగ ఆగిపోయింది. ఎద్దుని అమ్మేశారు. రాతి చక్రం చాలాకాలం అక్కడే పడి ఉండేది, మేము దాని మీద కూర్చుని చదువుకునేవాళ్ళం.

జేసీబీ వచ్చాక ఇంకేముంది. నెల పని రెండు పూటల్లో అయిపోతుంటే, స్థలం ధరలు అలా పెరుగుతుంటే, గోడ మీద మనిషిని కూర్చోబెట్టి వరస వరస విప్పే ఓపిక ఎవరికుంటుంది? దొడ్డిలో ఆడవాళ్ళు చాలామంది రొయ్యల షెడ్లకి వెళ్ళిపోయారు. సున్నంలో నానిన చేతులు ఐసులో పడ్డాయి. కృష్ణపట్నంలో థర్మల్ కేంద్రాలొచ్చాక బూడిద ఇటుక కూడా సులువుగా దొరుకుతోంది, పొలాల పైమట్టి తవ్వుకుపోయే బట్టీల కన్నా అది నయమేనని నాకూ అనిపిస్తుంది. కూల్చిన ఇళ్ళ శిథిలాల మీద 2016లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. రోజుకి 20 టన్నులో, నెలకి ఒక పనిలో 300 టన్నులో దాటితే ఇటుక, కాంక్రీటు, ఇనుము, కలప దేనికది వేరుచేయాలని ఆ నిబంధనలు చెప్పాయి. మా వీధుల్లో పాత ఇళ్ళకి ఆ నెల లెక్క దాటేవి తక్కువ. రోజు లెక్క చూడ్డానికి ట్రాక్టర్ల వెంట వెళ్ళేవాళ్ళు లేకపోయారు. సున్నపు గోడ ఉన్న పాత మిద్దెలు కావలిలో, నెల్లూరు మూలాపేటలో, ఒంగోలు పాత వీధుల్లో ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి. వాటినైనా చేత్తో విప్పించమని నా మాట వినే ఇంజనీర్లకి చెప్తూనే ఉన్నాను.

*

అవ్వ సంగతి చెప్పలేదు. రోజూ సాయంత్రం కూలితో పాటు ఆమె కొంగులో రెండు సగం ముక్కలు కట్టుకుని పోయేది. నాయన చూసీ చూడనట్టు ఉండేవాడని నేననుకునేదాన్ని. ఆమే ఒకరోజు నా చేత నోటుబుక్కు తెరిపించి, "నా పేరు మీద ఎన్నుండాయో చూడు పాపా" అంది. వెనక పేజీల్లో ఆమె పేరున గీతలు ఉన్నాయి, ఐదేసి చొప్పున కట్టలు కట్టలుగా. పట్టుకుపోయిన ప్రతి ముక్కకీ ఆమే నాయన చేత గీత పెట్టించేదట.

తుఫానుకి ఆమె గుడిసె ఎగిరిపోయింది. పోగేసిన ముక్కలు మాత్రం చింతచెట్టు కింద ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటితోనే ఒక గది ఇల్లు అనుకుంది. ఒట్టి సగం ముక్కలతో గోడ నిలవదని మేస్త్రీ చెప్పాడు. మూలల్లో నిండు రాళ్ళు ఒక వరస అడ్డం, ఒక వరస నిలువు మార్చి మార్చి పడాలి, మధ్యలో కూడా మూడు వరసలకొకసారి గోడ మందమంతా కలిపే నిండు రాయి ఉండాలి. నాయన ఆ రాళ్ళు బండికెత్తించి ఊరికే పంపాడు. బండి ఎలా వెళ్ళిందో అలాగే వెనక్కొచ్చింది, వెనకాలే ఆమె.

"ఊరికే వద్దు నాయనా. కూలిలో పట్టుకో."

వారానికింతని పట్టుకున్నాడు. తాపీ తీసుకుని నాలుగు మూలలూ తనే కట్టాడు. గానుగలో ఆఖరిసారి సున్నం తిప్పింది ఆ ఇంటికేనని గానుగవాళ్ళు చెప్తారు. మొన్న పెద్దకర్మ నుంచి వస్తూ అటు వెళ్ళాను. పైన రేకులు తీసేసి, బయట నాలుగు పిల్లర్లు లేపి శ్లాబు వేసుకున్నారు ఆమె మనవరాలి వాళ్ళు. గోడలు అవే. పూత లేదు, ముక్కలన్నీ కనపడుతున్నాయి. ఎందుకు పూయించలేదని అడిగితే, "మా అవ్వ ఎంచి ఎంచి తెచ్చింది గదక్కా, కనపడనీ" అంది.